కన్యానామములు - పిలుపుపేళ్ళు : అనుకంపాకుత్సావిచారము

ఆఁడుశిశువు జనించిన యింట నామకరణదినము సమీపించుకొలఁది రెండు విచారములు పుట్టును. పేరెట్టిది కావలయునన్నది మొదటిది. ఆ పేరు పదిమంది నోళ్ళలోఁ బడి యెట్టిదగునో యన్నది రెండవది. మొదటిదానికి నక్షత్రపాదములును, గృహ్యసూత్రములును, పెద్దల యనుజ్ఞయుఁ దోడుపడును. రెండవదానికి శాస్త్రమేదియు లేదని లోకము తలంచుచున్నది. పళ్ళెరములోని బియ్యముపై వ్రాసిన పేరొకటియు, మూఁడేండ్లు గడచునప్పటికి వాకిట వినఁబడు పేరొకటియు నగుట సర్వత్ర చూడఁబడుచున్నది. ఆ రెండవ పేరే బాలిక వెంట బడికిఁ బోవును; అత్తవారింటికిని బోవును; ఒక్కొక్కతె విషయమున వార్ధకమువఱకును విడువదు.

ఈ విషయమునఁ బండితులలోఁ గొందఱు పిలుపుపేళ్ళు కేవలాపభ్రంశములని త్రోసివేయుదురు. గృహస్థులలోఁ గొందఱు పిలుపునకు వెఱచి యర్థవంతములగు పేళ్ళనే వర్జింతురు. మొదటివారు నోటిని లెక్కసేయరు. రెండవవారు నోటిని దక్క మఱొకదానిని లెక్కసేయరు. వ్యాకరణమును, గావ్యములును, దెలుఁగువారి గృహాచారమును గలిపి పరికించినచో నీ రెండు పక్షములును నిలువఁజాలవు.

1. స్మృతిసూత్రముల యభిప్రాయము

మనుస్మృతి ద్వితీయాధ్యాయమున స్త్రీనామమునకుఁ బెక్కు లక్షణములు చెప్పఁబడినవి. వానిలో మొదటఁ బఠింపఁబడినది సుఖోద్యత. అనఁగా నోటికి సుఖముగాఁ బలుకఁదగియుండుట. అర్థము స్పష్టముగా నుండవలెనన్నది తరువాతిది. మంగళత్వ మంతకంటెను దరువాతిది. పురుషనామములకు వర్ణానుసారముగ నర్థనియమమును జెప్పిన స్మృతి, స్త్రీనామమునకు నోటిసుఖమును ముందుంచుట గమనింపఁదగినది. అయితే యెవరి నోటికి సుఖము? పండితుని నోటికి జ్యోతిష్మతి యన్న పేరును సుఖోద్యమే. కాని బాలిక పేరును దినమునకుఁ బదిమాఱులు పలుకువారిలోఁ బండితులు తక్కువ. పండ్లూడిన యవ్వయుఁ, బండ్లు రాని తమ్ముఁడును నెక్కువ. వారి నోళ్ళను విడిచి సుఖోద్యతను నిర్ణయించుట కవకాశము లేదు.

పారస్కరగృహ్యము కన్యానామమునకు బేసియక్షరములును, ఆకారాంతతయుఁ, దద్ధితాంతతయు విధించినది. పతంజలి మహాభాష్యమున వ్యాకరణాధ్యయనప్రయోజనములలో నామకరణమును జేర్చి, పుత్రనామము కృదంతము కావలెను గాని తద్ధితాంతము కారాదను యాజ్ఞికమతము నుదాహరించెను. కొడుకునకు నిషిద్ధమైన తద్ధితమే కూఁతునకు విహితమగుటలో నొక విశేషము కలదు. పార్వతి, జానకి, ద్రౌపది యను పేళ్ళన్నియుఁ దద్ధితాంతములే. తద్ధితాంతమగు పేరు కన్య యెవరి బిడ్డయో చెప్పును గాని తానెవతెయో చెప్పదు. ద్రౌపదికిఁ గృష్ణ యను పేరు వేఱుగ నుండెను. తండ్రిపేరు దాటి తనదగు పిలుపొకటి బాలికకుఁ గావలయునన్న యక్కఱ యీ విధియందే గర్భితమై యున్నది.

ఇఁక దీర్ఘవర్ణాంతత. ఇదియు మనుస్మృతియందుఁ జెప్పఁబడినదే. సంస్కృతమున సీతా, గౌరీ శబ్దములు దీర్ఘాంతములు. తెలుఁగునఁ దత్సమములై సీత, గౌరి యని హ్రస్వాంతములగును. స్మృతి విధించిన దీర్ఘ మిచటఁ బోయినట్లే తోఁచును. కాని తల్లి వాకిట నిలిచి పిలుచునపుడు సీతా, గౌరీ యని యా దీర్ఘము మరల వచ్చును. కావునఁ దెలుఁగునఁ గన్యానామము స్మృతిసమ్మతమగు రూపమును బొందునది వ్రాతయందుఁ గాదు, పిలుపునందు. పిలుపును బరీక్షింపక పేరిడుట శాస్త్రమును సగము చదివి విడుచుటయే.

2. పాణినీయము

పిలుపుపేళ్ళ నపభ్రంశములని త్రోసివేయువా రష్టాధ్యాయి 5వ యధ్యాయము 3వ పాదమును మఱచిరనవలెను. అచటఁ గుత్సార్థమునఁ గొన్ని ప్రత్యయములును, అనుకంపార్థమునఁ గొన్ని ప్రత్యయములును విధింపఁబడినవి. కుత్స యనఁగా నిందించుట. అనుకంప యనఁగా దయతోఁగూడి లాలించుట. ఈ యనుకంపాధికారములోనే బహ్వచ్కములగు మనుష్యనామములకు ఠచ్, ఘన్, ఇలచ్ అను ప్రత్యయములు వికల్పముగఁ జెప్పఁబడినవి. అవి పరమగునపుడు రెండవ యచ్చునకుఁ బైనున్న భాగమునకు లోపము వచ్చును. దేవదత్తుఁడు దేవికుఁడును, దేవియుఁడును, దేవిలుఁడును నగుట యిట్లే. ముద్దుపేరునకు లక్షణము చెప్పుట కెనిమిదింటి కెక్కువ సూత్రములను వెచ్చించిన మునికి ముద్దుపేరు హేయమని తోఁచినదనుట పొసఁగదు.

అంతియ కాదు. శేవల, సుపరి, విశాల, వరుణ, అర్యమ శబ్దము లాదియందుఁ గల నామములకు లోపము రెండవ యచ్చునకుఁ బైన గాక, మూఁడవ యచ్చునకుఁ బైననే యని వేఱుగ విధి కలదు. విశాలదత్తుఁడు విశాలికుఁ డగును గాని విశికుఁడు గాఁడు. పేరును దెగఁగోయుటకుఁ జోటు కలదనియు, చోటు తప్పినచోఁ బేరు గుర్తింపరాకుండుననియు నీ విధివలన నూహింపనగును. ఏ పేరెచటఁ దెగునో యని నేఁడు తలిదండ్రులు పడు విచారము క్రొత్తదియుఁ గాదు, తేలికదియుఁ గాదు.

వార్తికమతమునఁ బ్రత్యయము లేకయే పూర్వోత్తరపదములలో నొకదానికి లోపము వికల్పముగ వచ్చును. దేవదత్తుఁడు దత్తుఁ డనియు దేవుఁ డనియుఁ బిలువఁబడును. సత్యభామ భామ యగును. ఇచట రెండు పదములలో నేది నిలుచునో వ్యాకరణము నిర్ణయింపలేదు. పిలుచువాని యిచ్చకు విడిచినది.

అన్నిటికంటె ముఖ్యమైన విషయము మఱొకటి కలదు. క ప్రత్యయము కుత్సయందును వచ్చును, అనుకంపయందును వచ్చును. అశ్వక మన్నచోఁ బనికిరాని గుఱ్ఱము. పుత్రకుఁ డన్నచో ముద్దుబిడ్డ. రూప మొక్కటి, అర్థములు రెండు. ఏది యెపుడో శబ్దము తెలుపదు; పలికినవాని హృదయమును, సందర్భమును దెలుపవలెను. పిలుపుపేళ్ళను గూర్చిన వివాదమంతయు నీ యొక్క విషయమును బట్టి తీఱుచున్నది.

3. తెలుఁగునోటి తీరు

తెలుఁగున ముద్దుపేళ్ళకు సూత్రములు లేకున్నను దీరు కలదు. ఏకపదములగు పేళ్ళలో మొదలు నిలిచి తుద జాఱును: సరస్వతి సరసు, పార్వతి పారు, కామేశ్వరి కాము. సమస్తపదములలో మొదటిభాగము తఱచుగ దైవమునకో పూర్వురాలికో చెందినదై యుండుటచే రెండవభాగము పిలుపునకు నిలుచును: వేంకటరమణ రమణయు, అన్నపూర్ణ పూర్ణయు నగుదురు. తద్భవరీతిని లక్ష్మి లచ్చియగును. వీనికిఁ జివరఁ జేరు వర్ణములును మూఁడు తరగతులుగ నున్నవి. సుబ్బమ్మ యన్నచో గౌరవము. సుబ్బులు అన్నచో లాలనము. సుబ్బి యన్నచోఁ జనువు. ఆ చనువే చనువు లేనివాని నోటఁ దిరస్కారమగును. పాణినీయమునఁ గ ప్రత్యయమునకుఁ గల ద్వైవిధ్యమే తెలుఁగున నీ యికారమునకుఁ గలదు.

పేరుతో నెట్టి సంబంధమును లేని పిలుపులును గలవు: చిట్టి, బుజ్జి, అమ్మడు, పాప, పండు మున్నగునవి. వీనిలోఁ బెక్కింటి పుట్టుకకుఁ గారణము గృహాచారమే. తెలుఁగువారిలో నాయనమ్మ పేరు మనుమరాలి కిడుట బహుకాలానుగతము. అత్తపేరును గోడలు నోట పలుకరాదనుటయు నట్టిదే. ఈ రెండాచారములు నొకయింట నెదురైనపుడు తల్లి తన బిడ్డను దానే పేరుపెట్టి పిలువఁజాలదు. పిలిచినను, బిడ్డ యల్లరి చేయునపుడు పేరెత్తి కోపపడరాదు. ఆ కోపము గదిలోని యత్తగారికిఁ దగులును. అందువలన నసలుపేరు పెద్దల గౌరవమునకును, బిలుపుపేరు బిడ్డకును బంచియిచ్చిరి. ఇట్టి పిలుపుపేరు నపభ్రంశ మనుటకంటె వినయజన్య మనుట న్యాయము.

4. కావ్యసాక్ష్యము

పిలుపుపేరు మంచి పేరును మ్రింగివేయునను భయమున కుమాసంభవకథ చక్కని సమాధానము. కుమారసంభవము ప్రథమసర్గమునఁ గాళిదాసు హిమవంతుని కూఁతునకు బంధువులు మొదటఁ బార్వతి యని పేరిడిరనియు, తపస్సునకుఁ బోవనున్న యామెను దల్లి 'ఉ' యని పిలిచి 'మా' యని వారించుటచేఁ దరువాత నుమ యను పేరు కలిగెననియుఁ జెప్పెను. తండ్రికులమును దెలుపు తద్ధితాంతనామము పార్వతి. తల్లి నోటనుండి యప్రయత్నముగ వెలువడిన మాట యుమ. తల్లి వలదన్నది, కూఁతురు వినలేదు, మాట మాత్రము పేరై నిలిచెను. ఆ రెండక్షరములలో నిషేధమును, భయమును, వాత్సల్యమును గలిసియున్నవి. వ్యాకర్తలు చెప్పిన యనుకంపకు దీనికంటె మంచి యుదాహరణము దుర్లభము.

పే రెచటఁ దెగినను బిడ్డకు మాతృస్వరూపమే తోఁచునని శాకుంతలసప్తమాంకము చూపుచున్నది. తాపసి మట్టినెమలిని దెచ్చి శకుంతలావణ్యమును జూడుమనఁగా, నందు బాలుఁడు తల్లి పేరునే విని యామెకై కలయఁజూచును. పక్షి యను నర్థముగల శకుంతశబ్దమును, సౌందర్యార్థకమగు లావణ్యశబ్దమును గలియఁగా నడుమ నొకతల్లి పేరు పుట్టినది. పక్షినామముగల కన్యను వివాహమాడరాదని మనుస్మృతి తృతీయాధ్యాయము. పక్షులు కాపాడిన శిశువు గావునఁ గణ్వుఁ డా పేరిడెనని భారతము. నియమమునకంటెఁ బేరిడినవాని హృదయము బలవత్తరమైనది. ఆ పేరు భరతమాతకుఁ దలవంపు గాలేదు.

సత్యభామ పేరు రెండుగ విడిపోయి తెలుఁగుదేశమున రెండు త్రోవలఁ బోయినది. నంది తిమ్మన పారిజాతాపహరణమున నామె సత్య. సిద్ధేంద్రయోగి పేరఁ బ్రసిద్ధమగు కూచిపూఁడి భామాకలాపమున నామె భామ. సత్య యన్నపు డామె యభిమానమునకు గాంభీర్యము వచ్చును. భామ యన్నపుడు జడవేసి సవాలు చేయు విలాసము వచ్చును. పేరు మాఱలేదు, పేరులోని యే భాగము నోటికెక్కినదో యది మాఱినది. వార్తికకారుఁడు వికల్పమని విడిచిన దానిని గవులు వ్యక్తిచిత్రణమునకు వినియోగించుకొనిరి.

ఇఁక ని కారాంతములు. గురజాడ అప్పారావు కన్యాశుల్కమున నగ్నిహోత్రావధానుల చిన్నకూఁతురు సుబ్బి. తల్లి వెంకమ్మ సుబ్బి యన్నచోఁ గన్నీటితోఁ గూడిన యనుకంప. వెలగట్టి యమ్మఁజూపువాఁ డా పేరే పలికినచో సరకుపేరు. అక్షర మొక్కటియు మాఱకుండ నర్థము తల్లక్రిందులగుచున్నది. 1925లో గ్రంథముగ వెలువడిన యెంకిపాటలలో నండూరి వేంకట సుబ్బారావు దీనికి విలోమముగఁ జేసెను. వేంకటశబ్దభవమగు నెంకి పొలములలోఁ బిలుచు పిలుపు. గ్రామ్యమని పండితులు విననొల్లని పిలుపు. ప్రేమించినవాని నోటఁ బెట్టి కవి దానిని దెలుఁగుసాహిత్యమున మఱవరాని స్త్రీనామములలో నొకటిగఁ జేసెను. సుబ్బి, యెంకి యను రెండు పేళ్ళకును రూపమొకతీరే. బ్రదుకు లొకతీరు కాకుండుట పేరు దోషము గాదు.

5. భయస్థానములు

అట్లని తలిదండ్రుల విచారము నిష్కారణమనరాదు. దానిని మూఁడుగ విభజించి చూచుట మేలు.

మొదటిది శబ్దచ్ఛేదము. పండితులు శంకించు చోటొకటి, నిజముగఁ దెగు చోటొకటి. అనసూయ, నిర్మల, విమల, అనఘ యనునవి దోషాభావమును జెప్పు పేళ్ళు. కాని దోషమును లేదనుటకై దానినే లోన నిలుపుకొనియున్నవి. ముందుభాగము లోపించిన నసూయయు, మలమును, అఘమును మిగులును. ఈ శంక శాస్త్రదృష్టికి సరియే గాని లోకమున ఫలింపదు; తెలుఁగునోరు మొదటిని బట్టుకొని తుద విడుచునది గదా. నిజమగు నపాయము పేరు మొదటి రెండక్షరములందుఁ గలదు. మందాకిని స్వర్గంగ, రెండక్షరములకడఁ దెగినచో మంద. కామేశ్వరి జగన్మాత, కాము అన్నంతవఱకు లాలనమే, ఇకారము చేరినచోఁ గామి. పూర్ణ యను పేరు తుద మకారము చేరి పూర్ణమైనచో బూరెలలోనిదని తోడిపిల్లలు నవ్వుదురు. ఇట్టివాని నొక్కమాఱు గట్టిగఁ బలికి చూచినఁ జాలు.

రెండవది యర్థవైపరీత్యము. నల్లని బాలికకు గౌరి యని పేరున్నచో వెక్కిరించువారు కలరు. ఇచట నపరాధము పేరుది గాదు. నలుపును గొఱఁతగా నెంచు లోకానిది. ద్రుపదుని కూఁతు రామె నల్లనిదగుటచేతనే కృష్ణ యని పిలువఁబడెను. ఆ పేరు భారతమున గౌరవముతోనే వినవచ్చును. లోకుల వెక్కిరింతకు వెఱచి పేరు మార్చుట వెక్కిరింతకుఁ బ్రామాణ్య మొసఁగుటయే.

మూఁడవది భావికాలము. సూర్యకాంత మన్నది శిలావిశేషమునకుఁ జెల్లు శుభనామము. నటి సూర్యకాంతము 1962లో వెలువడిన గుండమ్మకథ మున్నగు చలనచిత్రములలో గయ్యాళి పాత్రలను నటించిన నేర్పువలన నాఁడుబిడ్డల కా పేరిడుటకుఁ దెలుఁగువారు జంకిరని లోకవాడుక. పేరిడు దినమున నెట్టి పండితుఁడును దీని నూహింపఁజాలఁడు. పరీక్షకు లొంగని దానిని గూర్చి విచారపడుట వ్యర్థము.

6. తవిటమ్మయు నకుశయు

ఈ విచారమంతయు నొకకొలికికి వచ్చుచోటు వేఱుగ నున్నది. పుట్టిన బిడ్డలు నిలువని యింటఁ దరువాతి శిశువును బెంటపై దొర్లించి పెంటమ్మ యనియు, తవుడునకుఁ గొన్నట్లు నటించి తవిటమ్మ యనియుఁ బేరిడుట తెలుఁగునాఁటి యాచారము. వినుటకుఁ గేవలకుత్స. మృత్యువు కన్ను బిడ్డపైఁ బడకుండుటకు వెలలేని వస్తువు పేరును గప్పిన తల్లి భయమే యిందలి యర్థము. కావున నిది కుత్సారూపమగు ననుకంప.

దీని ప్రక్క మరాఠీ నామము నకుశా నుంచి చూడవలెను. అక్కఱ లేనిది యని దాని యర్థము. కొడుకును గోరిన యింట మరలఁ గూఁతురు పుట్టినపు డా పేరిడుచు వచ్చిరి. 2011లో మహారాష్ట్రమున సాతారా జిల్లాయందు సభ చేసి యట్టి బాలికలకు నూతననామము లిప్పించిరి. వారిలోఁ గొందఱు తమ పేళ్ళను దామే యెన్నుకొనిరి. తవిటమ్మకుఁ బేరు మార్చనవసరము లేకపోయెను, నకుశకుఁ గలిగెను. రెండును హీనార్థకములే. ఒకటి బిడ్డను నిలుపుకొనుటకుఁ బెట్టినది. మఱియొకటి బిడ్డ వలదని పెట్టినది. వీథిలోని పిల్లల వెక్కిరింతకు వెఱచు గృహస్థు తెలిసికొనవలసిన దేమనఁగా, ఆఁడుబిడ్డను మిక్కిలి నొప్పించు కుత్స వీథిలోఁ బుట్టదు; పుట్టినచో నింటనే పుట్టును.

7. నిర్ణయము

పై విచారమువలన నేర్పడిన సిద్ధాంతము సంక్షేపముగ నిట్లున్నది. పేరును వ్రాసి చూచుటకంటెఁ బిలిచి చూచుట ముఖ్యము. దూరమునుండి పిలిచినపుడు తుదివర్ణము దీర్ఘమై చెవికింపుగ నుండవలెను. మొదటి రెండక్షరములును, సమస్తపదమైనచో రెండవభాగమును విడిగ నిలిచినపు డనర్థము నీయకుండవలెను. అవ్వకును, జిన్నబిడ్డలకును బలుకరాని పే రెంత యర్థవంతమైనను సుఖోద్యము గాదు.

పిలుపుపేరును బరుల కల్పనకు విడువక యింటివారే ముందుగ నేర్పఱచుట మఱియు ముఖ్యము. ఇంట నలవడిన ముద్దుపేరున్నచో వీథి సాధారణముగ దానినే యనుసరించును. లేనిచోఁ దనకుఁ దోఁచినట్లు పేరును గోయును. దీనికిఁ గాలావకాశమును గలదు. 1969వ సంవత్సరపు జననమరణముల నమోదు చట్టము పేరు లేకయే జననమును నమోదు చేయుటకును, పిదపఁ బేరును జేర్చుటకును వీలొసఁగుచున్నది. బియ్యముపై వ్రాసిన పేరును గొన్ని మాసములు నోట నాడించి, యది యెట్లు మాఱుచున్నదో విని, యటుపిమ్మటఁ బుస్తకమున కెక్కించుట యుత్తమము.

ఇంత చేసినను బరుల నోటికిఁ గళ్ళెము వేయుట యెవరికిని సాధ్యము గాదు. క ప్రత్యయమున కర్థము పలికినవానియం దున్నట్లే పిలుపుపేరునకును నర్థము పలికినవానియందే యున్నది. లాలనముతోఁ దన పేరును వేయిమాఱులు విన్న బాలికకు వీథిలో నొకఁడు దానినే వక్రించి పలికినను నది తన పేరని తోఁచదు. వాని మాట యని తోఁచును. ఆఁడుబిడ్డకుఁ బేరిడు గృహస్థులును, బడిలో నా పేరును బట్టికనుండి చదువు నుపాధ్యాయులును దీనిని మనస్సునం దుంచుకొందురు గాక.